ఓడిల్ చెప్పిన తూటా

ఓడిల్ సిర్ జన్మలో ఒక్క దుప్పిని కాల్చలేదు. అయినా నవంబరు దగ్గర పడుతోందంటే, ఏ తూటా కొనాలో అడగడానికి మగాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

మేన్ ఉత్తర కొసన, సెయింట్ జాన్ నదికి ఈవల ఆమె ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు. వేటగాళ్లు కొట్టి తెచ్చిన దుప్పుల్ని అక్కడ వేలాడదీసి, తోలు ఒలిచి, మాంసం కోసి పొట్లాలు కట్టి ఇవ్వడం ఆమె పని. మొదట్లో అది మొగుడు ఆల్ఫే పని. అడవిలో చెట్టు మీదపడి అతను పోయేనాటికి ఆమెకి ఇరవై ఏడేళ్లు. పాతిపెట్టి వారం తిరక్కుండానే ఒకడు దుప్పిని ట్రక్కులో వేసుకొచ్చి, గడప దగ్గర నిలబడి నీళ్లు నమిలాడు.

"ఆల్ఫే సంగతి నాకు తెలీదమ్మా. దార్లో చెప్పారు. వెళ్లిపోతాన్లే."

"ఆయన పోయాడని దుప్పికి తెలుసా? దించు," అంది ఓడిల్.

అది పందొమ్మిదొందల యాభై మూడు. అప్పట్నుంచి ముప్పై ఒక్క సీజన్లు ఆమె కత్తి ఆగలేదు.

మాంసంలో తూటా దొరికితే పారేసేది కాదు. కడిగి తుడిచి, ఎవరు కాల్చారు, ఏ తుపాకి, ఎన్ని అడుగుల దూరం, ఎక్కడ దూరింది అన్నీ చిన్న కాగితం మీద రాసి, తూటాకి చుట్టి జామ్ సీసాలో వేసేది. తుక్కుతుక్కయిన సన్న తూటాలకి ఒక సీసా. పుట్టగొడుగులా విచ్చుకుని, బరువు పోకుండా మిగిలిన లావు తూటాలకి ఇంకో సీసా. అడగొచ్చిన వాడి అరచేతిలో ఆ రెండిట్లోంచి ఒక్కొక్కటి పెట్టి చూడమనేది.

"మన అడవిలో నలభై అడుగుల అవతల ఏముందో కనపడదు. నీకు వేగం దేనికి? బరువుండాలి. ముక్కు మొద్దుగా ఉండాలి. రెమ్మ తగిలితే సన్నది పక్కకి పోతుంది, లావుది తోసుకుపోతుంది."

ఇంత సాక్ష్యం ముందు ఎవడు మాట్లాడతాడు? ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు నడిపే ఎక్టర్ కూడా ఆమె ఏది చెబితే అదే తెప్పించేవాడు. ముప్పై అయిదు కాలిబర్ లావు, రెండొందల గ్రెయిన్ల బరువు, మొద్దు ముక్కు. కొట్లో దాన్ని "ఓడిల్ తూటా" అనే అడిగేవాళ్లు.

చాన్నాళ్లు వినని వాడు ఒక్కడే, ఆమె మరిది లూసియన్. బంగాళాదుంప రైతు, యాభై రెండేళ్లు, నిదానస్తుడు. అతని దగ్గర సన్న తూటా రైఫిలొకటి ఉండేది. దుప్పి కనపడ్డా కాల్చేవాడు కాదు. పొదలో సందు దొరకాలి, ఆ సందులోకి దుప్పి రావాలి, అది పక్కకి తిరిగి నిలబడాలి. రాకపోతే ఇంటికొచ్చేసేవాడు. పన్నెండేళ్లలో తొమ్మిది దుప్పుల్ని తెచ్చాడు. మిగతా మూడేళ్లూ ఆదివారం భోజనాల దగ్గర ఓడిల్ నోట్లో పడ్డాడు.

"దుప్పి వచ్చి 'నేను రెడీ లూసియన్ గారూ' అంటేగానీ కాల్చవు కదా నువ్వు! ఆ సూది పక్కన పడేసి మనిషి పట్టే తుపాకి కొనుక్కోవయ్యా."

ఆ ఏడు కొన్నాడు. ఎనభై నాలుగు నవంబరు, సీజన్ రెండో శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి అతని ట్రక్కు షెడ్డు ముందు ఆగింది. వెనక ఏమీ లేదు. లూసియన్ మోకాళ్ల దాకా బురద. నారింజ టోపీ తల మీద లేదు, చేతిలో ఉంది. అందులో ఒక ఆకు.

"తగిలింది వదినా. పడలేదు."

ఓడిల్ కత్తి పక్కన పెట్టి ఆకు అందుకుంది. వెలుగులో చూసి, వాసన చూసింది. ముదురు నెత్తురు, పచ్చి గడ్డి కంపు. ఊపిరితిత్తులకి తగిలుంటే గులాబీ రంగు నురగుండాలి.

"పొట్ట," అంది. "ఎప్పుడు?"

"ఎనిమిదిన్నరకి."

"తరిమావా?"

"కాసేపు."

"ఇంగితం ఉందా నీకు? పొట్టలో తగిలిన దాన్ని వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే ఊరు దాటుతుందని నేను చెప్పాలా?"

"తిట్టు. తిడుతూ బూట్లు తొడుక్కో. రేపు ఆదివారం."

ఆదివారం తుపాకితో అడవిలో అడుగుపెడితే వేట చట్టం చూసే వార్డెన్ కేసు రాస్తాడు. సోమవారం దాకా గుంటనక్కల్లాంటి కొయోట్లు దాన్ని తినకుండా ఆగవు. అంటే ఈ పూటే. సూర్యుడు నాలుగింటికి కుంగుతాడు, ఆ తర్వాత అరగంట దాకే కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. మంచు ఇంకా పడలేదు కాబట్టి అడుగుజాడలుండవు. ఒక జంతువు కడుపు చిల్లుపడి బతికుండగా చిత్తడిలో కుళ్లడం ఓడిల్‌కి సహించేది కాదు. ఆ తూటా కొనిపించింది తనే అన్నది ఇంకా సహించేది కాదు. ఏప్రన్ విప్పకుండానే దాని మీద కోటు తొడిగి, టాయ్‌లెట్ కాగితం చుట్ట ఒకటి జేబులో కుక్కుకుని ట్రక్కెక్కింది.

లూసియన్ కూర్చున్నది పడిపోయిన మాను మీద. దుప్పి నిలబడ్డది ఎదర, నలభై అయిదు అడుగుల దూరంలో. మధ్యలో ఆల్డర్ పొదలు, వేళ్లు పెనవేసుకున్నట్టు. ఓడిల్ మాను దగ్గర్నుంచి లెక్కపెడుతూ నడిచింది. పన్నెండో అడుగు దగ్గర ఆగింది. బొటనవేలంత ఆల్డర్ రెమ్మ సగానికి విరిగి వేలాడుతోంది. లోపలి చెక్క ఇంకా తెల్లగా ఉంది.

"ఇది కనపళ్లేదా నీకు?"

"కనపడింది."

"కనపడీ కాల్చావా?"

లూసియన్ టోపీ తలకి పెట్టుకున్నాడు. "తోసుకుపోతుందన్నావుగా."

ఓడిల్ రెమ్మ విరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"నిన్ననడం లేదు," అన్నాడు లూసియన్. "పాత రైఫిలైతే ఆగేవాణ్ణి. ఇంకో రెండడుగులు వేస్తే అది ఖాళీలోకి వచ్చేదే. చేతిలో ఇది ఉందని..."

"నడు. నెత్తురెక్కడ మొదలైందో చూపించు."

నెత్తురు చుక్క కనపడిన చోటల్లా పక్క కొమ్మకి ఒక కాగితం ముక్క కట్టుకుంటూ వెళ్లారు. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కల వరస దుప్పి ఎటు పోతోందో చెబుతుంది. ఒకటిన్నరకి ఇరవై ముక్కలు. రెండింటికి ఇరవై మూడు. దేవదారు చిత్తడి మొదలయ్యాక నేలంతా నాచు, నాచు కింద నీళ్లు. ఓడిల్ మోకాళ్ల మీద పాకుతూ నాచు వేళ్లతో తడిమి, వేళ్లు కోటుకి తుడుచుకుని చూసేది. ఎరుపంటితే ముందుకి, అంటకపోతే చివరి కాగితం దగ్గరికి వెనక్కి. లూసియన్ నిమిషానికోసారి గడియారం చూస్తున్నాడు.

"దాన్ని చూస్తే ఆగుతుందా అది?"

"నాకేదో ఒకటి చెయ్యాలిగా వదినా."

అతనికంటే నిలకడ లేనిది ఆమెకే. చేతులు నాచు తడుముతున్నా మనసు షెడ్డులో సీసాల చుట్టూ తిరుగుతోంది. సీసాలో పడ్డ ప్రతి తూటా ఒక దుప్పితో పాటు వచ్చింది. పడిపోయి, దొరికి, ట్రక్కెక్కిన దుప్పితో. ఇలా చిత్తడిలోకి పోయిన వాటి తూటాలు ఏ సీసాలో ఉన్నాయి? రెమ్మ దుప్పి పక్కనే ఉంటే తూటా ఎంత వంకరపోయినా బెత్తెడు. ఆ దుప్పి దొరుకుతుంది, కాల్చినవాడు "రెమ్మల్లోంచి కొట్టానక్కా" అని మీసం మెలేస్తాడు, ఆమె కాగితం మీద రాస్తుంది. రెమ్మ తుపాకి దగ్గరుంటే బెత్తెడు కాస్తా మూరవుతుంది. ఆ మనిషి ఆమె షెడ్డుకి రాడు. ఎక్టర్ కొట్లో కాఫీ తాగుతూ "తప్పిపోయిందిరా" అని నవ్వేసి ఊరుకుంటాడు. ఏ తూటాతో తప్పిందని ఆమె ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. కొనిపించింది తనే.

"వదినా," అని గుసగుసగా పిలిచాడు లూసియన్.

ముప్పై అడుగుల్లో, పడిపోయిన దేవదారు వేళ్ల కింద ఒక చెవి కదిలింది. తర్వాత కొమ్ములు కనపడ్డాయి. ఎనిమిది కొనలు. బతికే ఉంది. తల ఎత్తి వీళ్లనే చూస్తోంది.

లూసియన్ తుపాకి భుజానికెత్తాడు. ఓడిల్ గొట్టం మీద చెయ్యి వేసి కిందికి వంచింది.

"వద్దు. అడ్డం రెండు కొమ్మలున్నాయి."

"పెన్సిలంత లేవు!"

"వద్దన్నానా."

"నాలుగూ పదయింది. లేచిందంటే మళ్లీ దొరకదు. నువ్వేనా మాట్లాడేది?"

"నేనే. ముప్పై ఏళ్లు వాగాను, ఇప్పుడు నోరు మూసుకుని విను. ఎడమకి పాక్కుంటూ పో. ఆ మొద్దు దగ్గర్నుంచి అడ్డేమీ లేదు. నేనిక్కడే కూర్చుంటాను. అది నన్ను చూస్తూ ఉంటుంది."

"చూడక లేచి పోతే?"

"పోతే నా ఖర్మ."

లూసియన్ పాకుతూ వెళ్లాడు. ఓడిల్ నీళ్లలోనే కూలబడింది. చలి ఏప్రన్‌లోంచి తొడలకెక్కింది. దుప్పి చెవులు ఒకసారి ఆమెవైపు, ఒకసారి లూసియన్ వైపు తిరుగుతున్నాయి. చెవి అటు తిరిగినప్పుడల్లా ఆమె కాగితం చుట్టని మెల్లగా ఊపింది. చెవులు ఇటు వచ్చాయి. దేవదార్ల మధ్య వెలుగు బూడిద రంగుకి తిరిగింది. లూసియన్ మొద్దు చేరడానికి పట్టిన కాసేపూ ఒక సీజనంత సాగింది ఆమెకి.

దుప్పి లేచింది.

ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు. ఊగింది. ఆమెకి ఎదురుగా ఒక అడుగు వేసి ఆగింది. లూసియన్ కాల్చలేదు. ఇంకో అడుగు. అప్పుడు పేలింది తుపాకి. నిలబడ్డచోటే మడతపడిపోయింది దుప్పి.

ఇద్దరూ దగ్గరికెళ్లాక ఓడిల్ పొద్దుటి గాయం వెతికింది. లూసియన్ గురిపెట్టింది భుజం వెనక. చిల్లు పడింది దానికి మూరెడు వెనక, పక్కటెముకలు దాటాక. గుండ్రంగా లేదు. చొక్కా కాజాలా అడ్డంగా, సన్నగా ఉంది. తూటా ముక్కుతో దూరలేదు, పల్టీ కొడుతూ పక్కవాటుగా దూరింది.

"నా కన్నే సరిగా లేదేమో," అన్నాడు లూసియన్.

"నీ కన్ను బాగానే ఉంది. కాలు పట్టు."

కొట్టిన దుప్పిని చట్టం ప్రకారం లెక్కలో రాయించి ట్యాగు కట్టించుకోవాల్సింది ఎక్టర్ కొట్లోనే. వీళ్లు వెళ్లేసరికి పొయ్యి చుట్టూ అరడజను మంది ఉన్నారు. అందరూ బయటికొచ్చి ట్రక్కు చుట్టూ మూగారు. కొమ్ములు పట్టి చూశారు.

"ముప్పై అయిదు పనిచేసిందన్నమాట!" అన్నాడు రొజేర్ డెగ్ల్. పాల ట్యాంకరు నడుపుతాడు. మంగళవారమే ఓడిల్ తూటాలు రెండు పెట్టెలు కొన్నాడు. "నీ పాత సూదితో అయితే ఈపాటికి ఇంట్లో సూప్ తాగుతుండేవాడివి లూసియన్! పొదల్లోంచేనా?"

లూసియన్ వదిన వంక చూశాడు. "పొదల్లోంచే," అన్నాడు. "తోసుకుపోయింది."

ఓడిల్‌కి అర్థమైంది. ఆ ఒక్క ముక్కతో ఆమె మాట నిలబడిపోయేది. ఎవరూ ఇంకేమీ అడగరు. రొజేర్ అప్పుడే తల ఆడిస్తున్నాడు కూడా.

"తోసుకుపోలేదు," అంది. "పన్నెండడుగుల్లో ఆల్డర్ రెమ్మ తగిలి పల్టీ కొట్టింది. పొట్టలో తగిలింది. ఎనిమిది గంటలు బతికింది. చంపింది రెండో తూటా, అది ఖాళీలోంచి వెళ్లింది కాబట్టి. నేను ఇన్నాళ్లూ చెప్పింది తప్పు."

నవ్వారు ముందు. ఆమె నవ్వకపోయేసరికి ఆపారు.

"నీ సీసాలు నేను చూశాను కదక్కా," అన్నాడు రొజేర్.

"వాటిల్లో ఉన్నవి దొరికిన దుప్పులవి."

"మరి నా రెండు పెట్టెలు?"

"మంచి తూటాయే. సందు దొరికినప్పుడు కాల్చు."

"దొరక్కపోతే?"

"కాల్చకు."

"ఇదేం సలహా అమ్మా," అని గొణిగాడు ఎక్టర్. "సందులోంచి కాల్చడానికైతే ఈ తూటాలే ఎందుకు? నా అరలో ఇంకా నలభై పెట్టెలున్నాయి."

ఓడిల్ అతని వంక చూడలేదు. రొజేర్‌నే చూస్తోంది.

"పోయినేడు పెద్దది తప్పిపోయిందన్నావే. ఎక్కడ?"

"మిల్లు వెనక. అదంతా ఇప్పుడెందుకు?"

"మధ్యలో ఏముంది?"

"ఏముంటుంది, పొదలు. తప్పిపోయిందక్కా. అంతే."

"తూటా తగిలితే రాలే వెంట్రుకలేమన్నా పడ్డాయా నేల మీద?"

రొజేర్ పక్కవాళ్లని చూశాడు. వాళ్లు దుప్పి కొమ్ముల్ని చూస్తున్నారు.

"కొన్ని," అన్నాడు.

"ఎంతసేపు వెతికావు?"

ట్రక్కు వెనక తలుపు సరిగా పడలేదని లూసియన్ మళ్లీ తెరిచి గట్టిగా వేశాడు.

"ఒక సిగరెట్టయ్యేదాకా," అన్నాడు రొజేర్.