దలెందా మీద పడ్డ నింద

ట్యునీషియాలోని స్ఫాక్స్‌ ఊళ్లో చేపల బజారు వెనక సందులో, చూపులేని వాళ్ల సంఘానికి ఒక చిన్న వంటగది ఉంది. మబ్రూకా అక్కడ పద్నాలుగేళ్లుగా వంట నేర్పుతోంది. ఆమెకూ చూపు లేదు. ముప్పయ్యో ఏట ఇంట్లో గ్యాస్ పేలి కళ్లు పోయాయి. అదే మంటలో చెల్లెలు దలెందా చనిపోయింది.

ఉల్లిపాయ వేగిందో లేదో చప్పుడు విని చెప్పడం నేర్పేది. గోధుమరవ్వని ఆవిరి మీద ఉడికించే కుస్కుసు కుండకీ పైగిన్నెకీ మధ్య పిండినీళ్లలో తడిపిన గుడ్డ చుట్టించి, ఆవిరి ఎక్కడ తప్పించుకుంటోందో మణికట్టుతో వెతికించేది. కత్తికి గానీ, మరిగే నూనెకి గానీ జంకేది కాదు. అగ్గిపుల్ల మాత్రం తను గీసేది కాదు. ఎవరైనా గీసే ముందు ఒక్కొక్కర్నీ అడిగేది, "వాసన వస్తోందా?" అని. ఆమెకైతే ఎప్పుడూ వస్తూనే ఉండేది. పక్క మీద, బస్సులో, సముద్రపు గాలిలో కూడా గ్యాస్ వాసనే.

ఈ ఏడు వంట నేర్చుకుందామని నజీబ్ చేరాడు. అరవై ఏళ్ల జాలరి. చక్కెర జబ్బుతో చూపు పోయింది. నోరు మాత్రం ఊరుకోదు.

"రాదు చెల్లెమ్మా! నా సాక్సుల వాసన తప్ప ఇక్కడేం లేదు," అంటూ ఒకరోజు పుల్ల గీయబోయాడు.

మబ్రూకాకి ఆ క్షణంలో వాసన గొంతు దాకా పట్టేసింది. అతని చేతి మీద ఒక్కటేసి, చొక్కా పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. "బయటికి! అందరూ బయటికి!" అని అరిచింది. తడుముకుంటూ పరిగెత్తిన వాళ్లలో ఒకామె మోకాలు చెక్కుకుపోయింది.

కాపలాదారు లోపలికెళ్లి గ్యాస్ పైపుకి సబ్బు నురగ రాసి చూశాడు. ఒక్క బుడగా లేదు.

అందరూ ఇళ్లకి పోయాక నజీబ్ మెట్ల మీద ఆమె పక్కన కూలబడ్డాడు. "ఎవరి వాసనమ్మా అది?" అన్నాడు మెల్లిగా.

ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పింది. "దలెందా ఆ రోజు 'అక్కా, గ్యాస్ వాసనొస్తోంది' అంది. 'నీకెప్పుడూ ఏదో ఒక వాసనే' అని నవ్వి పుల్ల గీశాను. ఆసుపత్రిలో స్పృహ వచ్చేసరికి, అజాగ్రత్త దలెందాదేనని అందరూ తేల్చేశారు. నేను కాదనలేదు."

"మీ అమ్మ ఉందా?"

"మహ్దియాలో ఉంది. ఇంటికొచ్చిన వాళ్లందరితో ఇప్పటికీ అదే అంటుంది. 'నా చిన్నది ఒళ్లు తెలియని పిల్ల, పెద్దదాని కళ్లు పోగొట్టింది' అని."

"చనిపోయిన పిల్ల వచ్చి జవాబు చెప్పుకోలేదుగా," అన్నాడు నజీబ్. ఇక హాస్యమాడలేదు.

ఆ శుక్రవారం మబ్రూకా మహ్దియా వెళ్లి, తల్లి ఎదురుగా చాప మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ రోజు నేను పెరట్లో బట్టలారేస్తున్నా. పేలే ముందు లోపల్నించి నవ్వు వినపడింది. అది నువ్వా?" అని అడిగింది తల్లి.

"నేనేనమ్మా."

"దానిదనుకున్నానే," అంది ముసలామె. "పంతొమ్మిదేళ్లుగా ఆ నవ్వే తలుచుకుంటున్నాను. నవ్వుతూ పోయిందిలే అనుకున్నాను."

సాయంత్రం దాకా ఆమె చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "తప్పు దలెందాది కాదు, మేం అన్యాయంగా అన్నాం," అని ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది. మబ్రూకా వింటూ కూర్చుంది. తల్లి ఆమెను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎదురుగా టాక్సీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నా ఆ చెయ్యి వదల్లేదు. దగ్గరికీ తీసుకోలేదు.