నయాగరా వెళ్లినవాడి సున్నుండలు

అమెరికాలో నీ మొదటి రోజు ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే, నున్నటి రోడ్లూ పచ్చటి లాన్లూ నాకు గుర్తు రావు. ఒక మనిషి మీద ఒళ్లు మండిపోవడం గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. చల్లార్చుకుందామని నేను ప్రయత్నించిందీ లేదు.

ఆ మనిషి మా ఇంజినీరింగ్ కాలేజీలో నాకు రెండేళ్ల సీనియర్. న్యూజెర్సీలో ఎం.ఎస్. చేస్తున్నాడు, నేనూ అదే యూనివర్సిటీకి వెళ్తున్నాను. అప్పట్లో మాకొక ఆనవాయితీ ఉండేది. కొత్తగా దిగే జూనియర్‌ని సీనియర్ ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లాలి, తల దాచుకోవడానికి ఒక చోటు చూపించాలి. జూనియరేమో ఆ సీనియర్ ఇంటి నుంచి ఒక పార్సిల్ మోసుకురావాలి. ఎక్కడా రాసి లేకపోయినా వీసా రూల్ కన్నా గట్టి రూల్ అది.

"నువ్వేం టెన్షన్ పడకు. పికప్‌కి నేనే వస్తా. మా పై ఫ్లాట్‌లో గర్ల్స్ ఉన్నారు, వాళ్లతో మాట్లాడి నీకు ప్లేస్ ఫిక్స్ చేసేశా. మా అమ్మ చిన్న డబ్బా ఒకటి ఇస్తుంది, అది తెచ్చెయ్, చాలు" అని ఫోన్లో చెప్పాడు. నేను నమ్మాను. పైగా "థాంక్స్ అన్నా" అని కూడా అన్నాను.

ఆ చిన్న డబ్బా నాలుగు కిలోలు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. వాళ్లమ్మగారు గుంటూరు నుంచి బస్సెక్కి, డబ్బాని ఒళ్లో పెట్టుకుని వచ్చారు. స్టీలు డబ్బా, నిండా సున్నుండలు, మూత చుట్టూ నాలుగు వరసల టేపు. దాన్ని పెట్టెలో సర్దేసరికి కౌంటర్ దగ్గర సరిగ్గా నాలుగు కిలోలు ఎక్కువ తూగింది. తీసేద్దామని నేను జిప్పు లాగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"తల్లీ, వాడు నా చేతి తిండి తిని రెండేళ్లయింది. నీ సీసాలు తియ్యమ్మా. అక్కడ వాడే కదా నిన్ను చూసుకునేది" అన్నారు.

నా సీసాలంటే మా అమ్మ చేసిన గోంగూర పచ్చడి, కందిపొడి. మాటిచ్చాం కదా అన్నట్టు మా నాన్న నా వైపు చూశారు. అమ్మ పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్క సీసా బయటకు తీసి సంచిలో వేసుకుంది. ఆ పచ్చడి కోసం తెల్లవారుజామున లేచి గోంగూర వలిచిన మనిషి మా అమ్మ.

న్యూవార్క్‌లో దిగాక కస్టమ్స్ ఫారంలో తిండి పదార్థాలు ఉన్నాయా అన్నచోట ఉన్నాయని టిక్ పెట్టాను. అబద్ధమాడితే వెనక్కి పంపేస్తారని ఎవరో భయపెట్టారు. ఆఫీసర్ పెట్టె తెరిపించి, టేపు కోసి, సున్నుండ ఒకటి చేత్తో పట్టుకుని ఇదేమిటన్నాడు. మినుములు వేయించి తిరగట్లో విసిరి, బెల్లమూ నెయ్యీ కలిపి కట్టిన ఉండలనీ, మా దగ్గర పిల్లలకి బలానికి పెడతారనీ, నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. ఇరవై గంటలు ప్రయాణం చేసి, కాళ్లు వాచిపోయి, ఆ డబ్బా తరఫున వకీలులా వాదించాను. అతను వాసన చూసి తల ఊపి లోపల పెట్టేశాడు. ఆ తర్వాత పెట్టె అడుగు నుంచి నా ఎండు కరివేపాకు కవరు తీసి, ఆకులు కుదరవని చెప్పి బుట్టలో పడేశాడు. ఇంటి నుంచి నాకంటూ మిగిలింది అదొక్కటే. అదీ పోయింది. సీనియర్ గారి సున్నుండలు మాత్రం క్షేమంగా అమెరికాలో అడుగుపెట్టాయి.

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మూడయింది, నాలుగయింది. ట్రాలీ వదిలి బాత్రూముకి వెళ్లడానికి కూడా భయపడి అక్కడే నిలబడ్డాను. చివరికి ఒకావిడని బతిమాలి నాణేలు తీసుకుని పే ఫోన్ నుంచి చేశాను.

"అన్నా, నేను ల్యాండ్ అయ్యాను."

"ఇవాళా? అరెరే, సారీ. ఫ్రెండ్స్‌తో నయాగరా వచ్చేశానే. క్యాబ్ బుక్ చేసుకో, అడ్రస్ ఉందిగా?"

టిక్కెట్టు అతనికి మూడుసార్లు మెయిల్ చేశాను. అతని వెనక నీళ్ల హోరు, ఎవరివో నవ్వులు.

"పైన గర్ల్స్‌తో మాట్లాడానన్నావు కదా?"

"మాట్లాడతా, మాట్లాడతా. అవునూ, పార్సిల్ సేఫే కదా? క్యాబ్‌లో మర్చిపోకేం."

ఆకలేస్తోందా అని అడగలేదు. ఎక్కడున్నావని అడగలేదు. పార్సిల్ సేఫేనా! రిసీవర్ పెట్టేసి, "నీ పని చెప్తానుండు" అని పైకే అన్నాను.

"ఎవరి పని చెప్తావమ్మా?" అని పక్కనుంచి తెలుగు వినిపించింది. అరవై దాటిన పెద్దాయన. కూతురి దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చారట, ఆ రోజే వస్తున్న భార్య కోసం అల్లుడితో ఎయిర్‌పోర్టుకి వచ్చారు. వాళ్లుండేది పార్సిప్పనీ అనే ఊళ్లో, నేను వెళ్లాల్సిందీ అక్కడికే. ఆవిడ దిగాక నన్నూ కారెక్కించుకున్నారు. ముందు సీటు నిండా పెట్టెలు. వెనక సీట్లో ఆ దంపతుల మధ్య ఇరుక్కుని, పేరు కూడా చెప్పకుండా జరిగిందంతా కక్కేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"కోపం ఉంచుకో, తప్పులేదు. కానీ అన్నం తిని ఉంచుకో" అన్నారు.

పై ఫ్లాట్ తలుపు తీసిన అమ్మాయి నన్నూ పెట్టెల్నీ మార్చి మార్చి చూసింది. వాళ్లు ముగ్గురు. నా సంగతి ఒక్కరికీ తెలియదు.

"మాకెవ్వరు చెప్పలే. అయినా లోపలికి రా, ఎంతసేపని బయట నిలబడ్తవ్?" అంది. వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి. ఇప్పటికీ ఆమె పిలిస్తే నేను ఉన్నపళంగా వెళ్తాను.

వంటింట్లో పాలూ రెండు గుడ్లూ తప్ప ఏమీ లేవు. సరుకులు కొనాలంటే కారుండాలి. వాళ్లందరికీ కలిపి ఉన్న ఒకే ఒక్క కారు కింది ఫ్లాట్ వాడిది. శనివారం షాపింగ్‌కి తీసుకెళ్తానని వాళ్లకీ మాటిచ్చి, ఆ కారేసుకునే నయాగరా వెళ్లాడు. అది విన్నాక నేను ఇంకేం ఆలోచించలేదు. పెట్టె తెరిచి డబ్బా తీశాను.

"అది అతనిది కదా?" అని ఒకమ్మాయి నసిగింది.

"ఇప్పుడు మనది" అన్నాను.

కార్పెట్ మీద చుట్టూ కూర్చుని తిన్నాం. నెయ్యి వేళ్లకి అంటుకుంది. ఇంత బాగా చేశారే అని వాళ్లమ్మగారి మీద కూడా కోపం వచ్చింది. ఆ రాత్రీ మర్నాడూ మాకు అవే టిఫిను, అవే భోజనం.

అతను సోమవారం దిగాడు. పైకి వచ్చి, ఎలా వచ్చావని కూడా అడగకుండా, "పార్సిల్ ఏది?" అన్నాడు.

"కస్టమ్స్‌లో పడేశారు" అన్నాను. ఆఫీసర్ ఎలా తెరిచాడో, ఎలా వాసన చూశాడో, బుట్టలో ఎలా విసిరాడో పూసగుచ్చినట్టు చెప్పాను. నా కరివేపాకుకి పట్టిన గతిని అతని సున్నుండలకి తగిలించాను, అంతే. వెనక వరంగల్ అమ్మాయి దగ్గు నటించింది. అతని మొహం వాడిపోయింది. నాకు కడుపులో చల్లగా ఉంది.

అక్కడికక్కడే వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. పడేశారంట అమ్మా, అన్నీ పడేశారంట అంటుంటే ఇంకాసేపు వినాలనిపించింది. ఇంతలో ఆవిడ నాకు ఇమ్మన్నట్టున్నారు. అతను ఫోన్‌ని అరచేత్తో మూసి, "ఎయిర్‌పోర్ట్‌కి నేనే వచ్చానని చెప్పా. ప్లీజ్, అదే మెయింటెయిన్ చెయ్యి" అన్నాడు.

ఫోన్ అందుకున్నాను.

"నా మూలాన ఆఫీసర్ల ముందు నిలబడ్డావంట కదా తల్లీ. మీ అమ్మ చేసినవి తీయించి మరీ నా డబ్బా పెట్టించాను. అవీ లేవు, ఇవీ దక్కలేదు. మీ అమ్మకి నా మొహం ఎట్టా చూపించను?"

నా పగ ఆవిడ మీద కాదు. అతని కళ్లలోకి చూస్తూనే చెప్పాను.

"ఆంటీ, మీ డబ్బా ఎవరూ పడేయలేదు. నేనే అబద్ధమాడాను. మీ అబ్బాయి ఎయిర్‌పోర్టుకి రాలేదు. నయాగరా వెళ్లాడు. ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను ఇక్కడ దించారు. ఇంట్లో తిండి లేదు. మీ సున్నుండలు మేం నలుగురం తినేశాం."

అతను ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు.

"కడుపునిండా తిన్నారా?" అని అవతల నుంచి వినిపించింది.

"తిన్నామండీ."

"ఇంకా ఏమన్నా మిగిలాయా?"

"రెండున్నాయండీ."

"వాడికివ్వబాక" అన్నారావిడ.

ఫోన్ అతని చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్లి డబ్బా తెచ్చుకున్నాను. ఆ రెండూ అతని ఎదురుగా నిలబడే తిన్నాను. రెండోది మొదలుపెట్టేసరికి నాకు ఆకలి లేదు. అయినా వదల్లేదు.