వీధి డ్రమ్ము

మా వీధిని అందరూ లంక అనేవారు. జంషెడ్‌పూర్‌లో లంకేమిటని నవ్వకండి. భుయ్యాడీహ్ చివర, సువర్ణరేఖ ఒడ్డున పదకొండు తెలుగిళ్ల వరస మాది. వానలు పట్టుకుంటే ముందు నది, వెనక కాలువ పొంగి, మగవాళ్లు సైకిలు భుజాన వేసుకుని డ్యూటీకి పోయేవారు. అదే వైశాఖం వచ్చేసరికి నదిలో ఇసుక తప్ప ఏమీ కనిపించేది కాదు. వీధి కొళాయి పొద్దున్న కాసేపు సన్నగా కారి ఆగిపోయేది. డెబ్బైల చివర్లో నేను ఆ లంకకి కోడలిగా వచ్చాను. శ్రీకాకుళం దగ్గర మా పుట్టింటి పెరట్లోనే నుయ్యి. నీళ్లని లెక్కచేసే అలవాటు నాకు లేదు.

మా అత్తకి నీళ్లే ప్రాణం. మా అరుగు మీద ఇటుకలు పేర్చి నిలబెట్టిన ఇనప డ్రమ్ము ఒకటుండేది. అది మాది కాదు, వీధిది. కొళాయి బాగా వచ్చే రోజుల్లోనే ఇంటికి ఇన్ని బిందెలని పోసి నింపేవారు. పురుడో, జ్వరమో, చావో వస్తే తప్ప అందులో చెంబు ముంచకూడదు. వారం వారం కొంచెం పాతనీళ్లు అంట్లకి తీసి, ఆ మేరకు కొత్తవి పోసేవారు. అత్త చిల్లగింజ అరగదీసి కలిపేది, మురికంతా అడుక్కి దిగిపోయేది. తలుపు వెనక అడుగు ఊడిన కుండ ఒకటి దాచేది. పారేస్తానంటే ఊరుకునేది కాదు. "మీ అమ్మ నా చెమట కూడా సీసాలో పట్టేలా ఉంది" అని మా ఆయనతో వేళాకోళమాడేదాన్ని.

నేను కాపురానికి వచ్చాక మొదటి వైశాఖంలో ఓ మధ్యాహ్నం సూర్యగ్రహణం. వీధి చివరింట్లో నెలలు నిండిన పిల్ల ఉంది. గ్రహణం ఉన్నంతసేపూ కదలకుండా పడుకోబెట్టాలని అత్త ముందే అక్కడికి వెళ్లింది. గ్రహణం విడిచాక ఇంట్లో నీళ్లన్నీ పారబోసి కొత్తవి తోడుకోవడమే మా పుట్టింట్లో నేనెరిగిన ఆచారం. అత్త వచ్చేలోపు అన్నీ శుద్ధి చేసేసి, మెప్పు కొట్టేద్దామనుకున్నాను. కుండలు, బిందెలు అయ్యాయి. తర్వాత డ్రమ్ము మీద పడ్డాను. సగం చెంబులతో తోడి, మిగతా సగం ఓరగా వంచి ఒలకబోశాను. ఆఖరి నీళ్లతో పాటు ఒక దర్భపోచ జారి నా కాలి మీద పడింది.

దర్భ వేసిన నీళ్లకి గ్రహణం అంటదు, వాటిని పారబొయ్యక్కర్లేదు. అత్త ముందే వేసి వెళ్లింది. మూత తీసినప్పుడు నేను చూసుకోలేదు.

అంతలోనే అత్త పరుగున వచ్చింది. పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి లేదు, మంత్రసానిని పిలిచారు. నీళ్లు కావాలి; ఏ ఇంట్లోనూ సరిపడా లేవు, కొళాయి మళ్లీ తెల్లారితే గానీ రాదు. అత్త తడిసిన అరుగుని చూసింది, దర్భపోచని చూసింది, నన్ను చూసింది.

"ఏటి సేసినావే పిల్లా!"

మిగతా పది ఇళ్లవాళ్లూ నన్ను బతకనిస్తారా అనుకున్నాను.

"ఏడుపు తరవాత. లోనికెళ్లి ఆ అడుగులేని కుండ తే. జల్దీ!"

నేను లోపలికి వెళ్లగానే వెనక ఠంగుమని ఓ చప్పుడైంది. కుండతో బయటికి వచ్చేసరికి అత్త వీధిలో నిలబడి అరుస్తోంది. "డ్రమ్ము కారిపోనాదర్రా! బిందెలు తీసుకుని ఏటికి రండి. ఇసకలో సెలమ తీద్దాం!"

ఎండ ఇంకా మండుతోంది. నది నది కాదు, తెల్లటి ఇసుక మైదానం. అత్త చెప్పులు విప్పి, అరికాళ్లతో ఇసుకని తడుముతూ నడిచింది. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ఆగింది. "ఇక్కడ సల్లగున్నాది" అని కూలబడి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. మేమంతా తవ్వాం. మోచేతి లోతుకి ఇసుక తడిగా తగిలింది. పక్కలు కూలకుండా ఆ కుండని గుంటలో దించింది. అడుగున ఊరిన బురదనీళ్లని మూడుసార్లు తోడి పారబోసింది.

"ఇంక సెయ్యెట్టకండి. నీల్లని తొందరపెట్టకూడదు."

అంతా గుంట చుట్టూ కూర్చున్నాం. ఎటుచూసినా ఎండిపోయిన ఆ నదిలో, మా కళ్ల ముందే కుండ అంచుదాకా నీళ్లు పైకొచ్చాయి. అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా ఉన్నాయి. పెరట్లో నుయ్యి ఉండి కూడా నేను అంతవరకు నీళ్లని చూడలేదనిపించింది. చదువు రాని ఆ మనిషి అరికాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

చేతులు మారుతూ బిందెలు వీధి చివరింటికి చేరాయి. దీపాలు పెట్టకముందే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి డ్రమ్ముని పడుకోబెట్టి చూశాడు. ఆయన కార్ఖానాలో వెల్డర్. అడుగున చిల్లులో వేలు పెట్టి, "అమ్మా, ఇది తుప్పు కాదే. ఎవరో మేకెట్టి కొట్టినట్టున్నాది" అన్నాడు.

ముందురోజు నేను విన్న చప్పుడు గుర్తొచ్చింది. చుక్క నీళ్లు ఒలికితే ఊరుకోని మనిషి, వీధిలో నా పరువు కోసం ప్రాణంలా చూసుకునే డ్రమ్ముకి తానే చిల్లు పొడిచింది.

"నోరు మూసుకుని అతికీరా" అంది అత్త, అటు తిరిగి.

అతుకు వేసిన డ్రమ్ముని మళ్లీ ఇటుకల మీదకి ఎక్కించాక, వీధివాళ్లంతా బిందెలతో వచ్చి నిలబడ్డారు. అత్త అందర్నీ ఆపి, దర్భపోచ ఒకటి నా చేతిలో పెట్టి, మొదటి బిందె నా చేతే పోయించింది.