ఒక్క సంతకంతో వెళ్లిన ఉత్తరం

మా పాత మేనేజరు సారు పోయారన్న కబురు నాకు రెడ్డెమ్మ ఫోనులో చెప్పింది. రామసముద్రం దగ్గరి ఒక పల్లెలో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన మనిషి ఆమె. ఆ ఉదయం నేను మదనపల్లెలో మా బ్యాంకు ఆఫీసులో మీటింగుకు కాగితాలు సర్దుకుంటున్నాను.

"మన సారు పోయినాడంట మేడం. నీకు తెలుసో లేదో అని చేసినా. మేము టెంపో మాట్లాడుకుని కుప్పానికి పోతాండాము," అంది.

బ్యాంకు వాళ్లెవరూ నాకు చెప్పలేదు. ఆయన ప్రస్తావన నా దగ్గర తేవడం వాళ్లు మానేసి చాలా కాలమైంది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి. అది దాచి ఆయన మంచితనం ఒక్కటే రాయడానికి ప్రయత్నించాను, రెండుసార్లు చించేశాను.

మా అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను చదివించారు. మా ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రామసముద్రం బ్రాంచిలో వేశారు. చిన్న బ్యాంకు, అందులో ఇంకా చిన్న బ్రాంచి. మేము ఐదుగురం. సారు పుంగనూరులో కాపురం ఉండి రోజూ బస్సులో వచ్చేవారు. తలుపులు తెరవడానికి అరగంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. అప్పటికే చేరిన ముసలివాళ్లకు ఫారాలు నింపేవారు. "లోపలికెళ్లి కుర్చీలో కూర్చుని నింపొచ్చు కదా సార్" అని నేనంటే, "కుర్చీలో కూర్చుంటే వాళ్లు నిలబడతారమ్మా. ఈడైతే అందరం కూర్చోవచ్చు" అన్నారు. మధ్యాహ్నం ఆయన క్యారియర్లో రాగి సంగటీ, ఊరుబిండి పచ్చడీ. మూత తీయగానే అందరికీ తలా ముద్ద పెట్టాకే తినేవారు.

రెడ్డెమ్మ ఇంటికి నేను మొదట వెళ్లింది ఆయన వెంటే. షెడ్డు వేసుకోవడానికి లోను అడిగింది. కాగితాలు చూసి నేను కుదరదని రాసి పెట్టాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లారు. వసారా నిండా తట్టలు, తట్టల్లో మల్బరీ ఆకు మేస్తున్న పురుగులు. సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు.

"చెప్పులు బయటిడిసి, కాళ్లు కడుక్కుని రామ్మా. మన కాళ్లకుండే రోగం వాటికి తగిలితే ఆమె పంట పాయె," అన్నారు. ఆమె తట్టలు ఎంత శుభ్రంగా పెట్టుకుందో చూపించారు. తిరిగి వస్తూ, "కాదని రాసేముందు ఒకసారి పోయి సూడు. సూసినాక కూడా కాదనాలంటే అను," అన్నారు. లోను ఇచ్చాం. ఏ వాయిదా తప్పలేదు ఆమె.

మా రూల్సు ఒప్పుకోని వాళ్లను ఆయన ఉత్త చేతులతో పంపేవారు కాదు. మా ఎదురుగానే ఇంకో బ్యాంకు ఉండేది. "మా కాడ కుదర్లేదప్పా. ఎదురింట్లో వేరే స్కీము ఉండాది, నేను పంపినానని అడుగు," అనేవారు. అక్కడి మేనేజరు కూడా మా దగ్గరికి అలాగే పంపేవాడు. బేరాలు అటు పోతున్నాయని మేము విసుక్కుంటే నవ్వేవారు. "ఒకడు కాదంటే ఇంకొకడు ఉండాడనే ధైర్నంతోనే ఆ మనిషి మనముందర తలెత్తుకుని మాట్లాడతాడు" అనేవారు.

తర్వాత విలీనం కబురు వచ్చింది. మా బ్యాంకు, ఎదురు బ్యాంకు, ఇంకొన్ని కలిసి ఒకే పెద్ద బ్యాంకు అవుతాయన్నారు. మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. పెద్ద పేరు, ప్రమోషన్లు, టౌనులో పోస్టింగులు. సారు మిఠాయి తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"అప్పుడు ఈడ కాదన్నోడు యాడికి పోవాల? ఎదురింటికి పోతే ఆడా మనమే ఉంటాం గదా. ఒక తావ కంప్యూటర్ ఆగితే ఊర్లన్నీ ఆగిపోతాయి. ఒక పెద్దోడు తప్పు చేస్తే అందరం దాంట్లో పడతాం," అన్నారు.

పాతకాలం మనిషి అనుకున్నాను నేను.

ఆయన పై ఆఫీసుకు ఉత్తరం రాశారు. రామసముద్రంలో ఏ బ్రాంచీ మూయవద్దనీ, మూసినా చిన్న లోన్ల నిర్ణయం ఊరు తెలిసిన మేనేజరుకే వదలమనీ. తిట్టు లేదు, బెదిరింపు లేదు, రెండే పేజీలు. ఐదుగురం సంతకం పెడితే చదువుతారని ఆయన ఆశ. మిగతా ముగ్గురూ నావైపు చూశారు. మా నలుగురిలో ఎక్కువ చదువుకున్నది నేనే, ఆయన దగ్గర పని నేర్చుకున్నదీ నేనే. నేను పెడితే వాళ్లూ పెడతారు.

"ఇంటికెళ్లి చదివి రేపు పెడతాను సార్," అన్నాను.

"అట్లే కానీ. చదవకుండా పెట్టొద్దు," అన్నారు సంతోషంగా.

మరుసటి రోజు మా పాపకు జ్వరమని ఫోన్ చేసి సెలవు పెట్టాను. పాప ఆ రోజు బడికి వెళ్లింది. నేను ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. నా ప్రమోషన్ లిస్టు ఆ నెలలోనే రావాలి. ఉత్తరం ఆయన ఒక్కరి సంతకంతో వెళ్లింది.

అంతటితో ఆగినా బాగుండేది. మదనపల్లెలో మీటింగు పెట్టారు. పై అధికారి ఆ ఉత్తరం పట్టుకుని, "ఇది బ్రాంచి అభిప్రాయమా, ఈయన ఒక్కరిదేనా?" అని అడిగాడు. నన్ను ఎవరూ పేరు పెట్టి అడగలేదు. నేనే లేచాను. "అది సారు సొంత అభిప్రాయం సార్. మేమంతా విలీనాన్ని స్వాగతిస్తున్నాం," అన్నాను. గదిలో ఎవరో నవ్వారు. సారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో ఎప్పటిలాగే నాకూ ఆయనే టికెట్ తీశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆయన చిల్లర జేబులో వేసుకుంటూ అడిగారు.

"పాపకి జొరం తగ్గినాదా అమ్మా?"

తగ్గింది సార్ అన్నాను. తెలిసే అడిగారో, తెలియక అడిగారో ఇప్పటికీ నాకు తెలియదు. రెండిట్లో ఏదైనా నాకు ఒకేలా గుచ్చుకుంటుంది.

ఆయన్ని కుప్పం పంపారు, అక్కడే రిటైరయ్యారు. మా బ్రాంచి మూసి ఎదురు బ్రాంచిలో కలిపారు. నాకు మదనపల్లెలో ప్రమోషన్ వచ్చింది.

పెద్ద బ్యాంకు అయ్యాక ఒకసారి సిస్టం మూడు రోజులు ఆగిపోయింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఒకేసారి. టమాటా మార్కెట్టు నిండుగా ఉన్న రోజులు. సరుకు అమ్మిన రైతులు, కూలీలు మా తలుపు ముందు గుంపు కట్టారు. మరో బ్యాంకులో చూసుకోండి అనడానికి అక్కడ చాలామందికి మరో ఖాతా లేదు. నేను లోపల గడియ పెట్టించుకుని కూర్చున్నాను. అప్పుడు ఆయన ఫోన్ వచ్చింది. ముందే చెప్పానంటారని భయపడుతూ ఎత్తాను.

"తలుపు తీసిపెట్టమ్మా. బయట నీళ్లు పెట్టించు. నువ్వే బయటికిపోయి ఉండేదుండేట్టు సెప్పు. మనిషి కనపడితే సగం కోపం తగ్గుతాది," అన్నారు. అంతే. చెప్పినట్టే చేశాను, గుంపు కూర్చుంది. థాంక్స్ చెప్పడానికి తిరిగి ఫోన్ చేయలేదు. చేస్తే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆ మరుసటి ఏడు గాలివానకు రెడ్డెమ్మ షెడ్డు రేకులు లేచిపోయాయి. మళ్లీ లోను కోసం, తెలిసినదాన్నని నన్ను వెతుక్కుంటూ మదనపల్లెకు వచ్చింది. ఇప్పుడు నిర్ణయం ఎక్కడో దూరాన కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లది. రాదని వచ్చింది. నేను వెళ్లి ఆమె షెడ్డు చూడలేదు.

"పోనీ, ఈడ ఎదురుగా ఉండే బ్యాంకోళ్లని అడగనా మేడం?" అంది.

"అదీ ఇప్పుడు మాదే రెడ్డెమ్మా."

ఆమె కాగితాలు కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది. మల్బరీ తోట పెరికేసిందని తర్వాత విన్నాను. ఇప్పుడు సీజన్లో మార్కెట్టుకు వచ్చి టమాటా ఏరుతుంది.

కుప్పంలో సారు ఇంటికి నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో బ్యాంకు వాళ్ల కంటే పల్లెల వాళ్లే ఎక్కువ ఉన్నారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి దగ్గరికి తీసుకున్నారు. నేను ఏడ్వలేదు. ఆ హక్కు లేదనిపించింది.

అన్నీ అయ్యాక రెడ్డెమ్మ నా పక్కన వచ్చి నిలబడింది.

"నా మింద కోపమేమన్నా ఉంటే ఇప్పుడే తిట్టు రెడ్డెమ్మా," అన్నాను.

"నీ మింద నాకేం కోపం మేడం? షెడ్డు పోయినప్పుడు సారు పలకరించను వచ్చినాడు. అప్పుడే సెప్పినాడు. ఆ బ్యాంకు తియ్యొద్దని మీరంతా కలిసి పైకి రాసినారంట గదా. ఆ పిల్ల కూడా రాసింది, పెద్దోళ్లు ఇనలేదు, ఆమెనేమీ అనుకోవద్దని సెప్పిపోయినాడు."

లేదు, ఆయన ఒక్కరే రాశారు అని చెప్పాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆమె అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. "ఊ" అన్నాను. ఆయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే, అదీ నా కోసం. రెడ్డెమ్మకు చదవడం రాదు. ఆమె కోడలికి వచ్చు. అత్తకు చదివి వినిపించమని ఈ పేజీలు ఆ అమ్మాయి చేతికి పంపుతున్నాను.

"బస్సుకేం పోతావు, మాతో రా, పుంగనూరులో దింపుతాం," అని రెడ్డెమ్మ నన్ను టెంపో ఎక్కించింది. అందరినీ జరిపి తన పక్కన చోటు చేసింది. వీకోట దాటేసరికి అలసిపోయి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. టెంపో గుంతలో పడినప్పుడల్లా ఆమె తల ఎగిరి మళ్లీ అక్కడికే వచ్చేది. పుంగనూరు వచ్చేదాకా నేను భుజం కదపలేదు.