వెనక కార్బురేటర్ మీద అరచెయ్యి

రోడ్డు మీద తిరిగే కారుకి టన్నెల్ ర్యామ్ పెట్టించుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతుంది, కాకపోతే కారణం మారింది. అలా మార్చింది ఒక్క మనిషి. ఆయన మీద కోపం ఇంకా పోలేదు కాబట్టి రాస్తున్నాను.

టన్నెల్ ర్యామ్ అంటే తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. పాత అమెరికా కార్లలో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోవడానికి దాని మీద గొట్టాల దిమ్మె ఒకటి కూర్చుంటుంది. మామూలు దిమ్మె పొట్టిగా బానెట్ కింద అణిగిమణిగి ఉంటుంది. టన్నెల్ ర్యామ్ అయితే జానెడు ఎత్తు లేస్తుంది, దాని నెత్తిన రెండు కార్బురేటర్లు. బానెట్‌కి కంత కోస్తే తప్ప పట్టదు. అది పందేనికి చేసిన సరుకు. ఇంజన్ పిచ్చిగా తిరుగుతున్నప్పుడు ఆ పొడుగు గొట్టాల్లో గాలి పరుగెత్తి బలం ఇస్తుంది. మెల్లగా పోయేటప్పుడు గాలికి వేగం ఉండదు. పెట్రోలు గొట్టాల గోడలకి చెమటలా పట్టి కారిపోతుంది, ఇంజన్ దగ్గుతుంది, ఎర్ర లైటు దగ్గర చచ్చి ఊరుకుంటుంది. నేను పనిచేసే బహ్రెయిన్‌లో ఎర్ర లైటు లేని రోడ్డు ఎక్కడుంది? ఇక్కడ దాన్ని పెట్టించుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

ఈ మాటే హాజీకి మొహం మీద చెప్పాను. హాజీ అంటే ఉద్యోగం నుంచి రిటైరైన బహ్రెయినీ పెద్దమనిషి. మక్కా వెళ్ళొచ్చాడు కాబట్టి సల్మాబాద్ గ్యారేజీల వీధిలో అందరికీ హాజీయే. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, కాళ్ళదాకా వేలాడే తెల్ల తోబు మీద గ్రీజు మరక పడినా దులుపుకుని పోతాడు. వయసులో ఉన్నప్పుడు కొన్న రెండు తలుపుల అమెరికా కారుని అమ్మకుండా దాచుకుని, రిటైరయ్యాక మా గ్యారేజీకి తోలుకొచ్చాడు. డిక్కీలో గుడ్డలో చుట్టిన టన్నెల్ ర్యామ్. మా ఇద్దరి మాట హిందీ, అరబ్బీ కలిసిన కిచిడీ, దాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నన్ను సదీక్ అంటాడు, అరబ్బీలో స్నేహితుడని.

"హాజీ, ఇది రోడ్డుకి పనికిరాదు," అన్నాను.

"రోడ్డుకి పనికొచ్చేవి జీవితమంతా నడిపాను సదీక్. ఇప్పుడు నాకు నచ్చింది నడుపుతాను."

"సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది."

"ఆగకుండా చెయ్యడానికేగా నువ్వున్నది?"

ఎంత పొగరు! రెండు చలికాలాలు ఆ మనిషి నా ప్రాణం తిన్నాడు. ఒక కార్బురేటర్ చాలదా అంటే రెండూ పనిచెయ్యాల్సిందే అన్నాడు. కొందరు వెనకది ఉత్తుత్తిది పెట్టుకుంటారు, కింద రేకుతో మూసేసి, చూపుకి మాత్రం రెండు. ఆ మాట వింటే హాజీ మొహం ముడుచుకునేది. "కట్టుడు పళ్ళు పెట్టుకుని చెరుకు నమిలానని చెప్పుకోవడం," అనేవాడు. అందులో మాత్రం నేను ఆయన పక్షమే. నాకు అబద్ధపు సామాను అంటే పరమ అసహ్యం.

నేను పని నేర్చుకున్నది మెట్‌పల్లి బస్టాండు వెనక, పాత పెట్రోలు జీపుల షెడ్డులో. అక్కడ మీటర్లు లేవు, మిషన్లు లేవు. ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్ నోటి మీద అరచెయ్యి పెట్టేవాళ్ళం. లోపలి గాలి చేతిని లాగుతుంది. ఎంత గట్టిగా లాగుతోంది, మూసినప్పుడు ఇంజన్ గొంతు లేచిందా పడిందా, చేతికి పెట్రోలు తడి ఎంత అంటింది, దాన్నిబట్టి జబ్బు తెలిసేది. దాన్ని ఊపిరి చూడటం అనేవాళ్ళం. ఒక్కోసారి అది తిరిగి మంట ఊదుతుంది, నా కుడి మణికట్టు మీద వెంట్రుకలు సరిగా మొలవవు. ఈ పద్ధతి చూసి ఇక్కడి మిగతా మెకానిక్కులు నవ్వారు. హాజీ నవ్వలేదు. తోబు చెయ్యి పైకి మడిచి, నాకూ నేర్పమన్నాడు. మొదటిసారి వెనక కార్బురేటర్ ఆయన అరచేతిని పట్టి లాగినప్పుడు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

తిప్పలు పడగా పడగా కారు దారికొచ్చింది. దారికి అంటే పూర్తిగా కాదు. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు అది, ఎర్ర లైటు దగ్గర ఎడమ కాలితో బ్రేకు నొక్కిపట్టి, కుడికాలితో కొంచెం కొంచెం పెట్రోలు ఇస్తూ ఉండాలి. కాలు తీశారా, పోయింది. అయినా సల్మాబాద్ నుంచి జుఫైర్ దాకా, అన్ని సిగ్నళ్ళూ దాటుకుంటూ, ఎక్కడా చావకుండా వెళ్ళింది. జుఫైర్ హోటళ్ళ ముందు జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటే, పక్క సీట్లో కూర్చుని నేనే దాన్ని కన్నట్టు మురిసిపోయాను.

శుక్రవారం సాయంత్రాలు అమ్వాజ్‌లో నీళ్ళ పక్కన పార్కింగులో పాత కార్లవాళ్ళు చేరతారు. హాజీ నన్నూ తీసుకెళ్ళేవాడు. అక్కడ ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు, వెనకది ఉత్తుత్తిదేగా అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. రెండేళ్ళు నా ఒంటికి పట్టిన పెట్రోలు వాసన ఉత్తుత్తిదా? "చెయ్యి పెట్టి చూడు!" అనేవాణ్ణి. పెట్టేవాడు, అది లాగేది, వాడు ఎగిరి పడేవాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. హాజీ గడ్డం నిమురుకునేవాడు. పోనుపోను అది ఒక ఆచారమైపోయింది, కొత్తగా వచ్చిన ప్రతివాడూ చెయ్యి పెట్టాల్సిందే.

అప్పుడు నేను సెలవు మీద ఇంటికి వెళ్ళాను. ఇంటి కప్పు కురుస్తుంటే వేయించి, చుట్టాలందరికీ దుబాయిలో నువ్వేం చేస్తావంటే మళ్ళీ మళ్ళీ చెప్పి, తిరిగొచ్చాను. నేను ఉండేది దుబాయి కాదని ఎవరికీ ఎక్కదు, అది వేరే కోపం.

డ్యూటీలో చేరిన వారమే హాజీ కారు ఆయిలు మార్పిడికి వచ్చింది. తాళం ఇచ్చి ఆయన నమాజుకి వెళ్ళాడు. స్టార్ట్ చేశాను. ఇంజన్ పాడి ఆవులా నెమ్మదిగా నిలబడింది. కాలు తీశాను. అయినా చావలేదు. నా చేతిలో పెరిగిన ఇంజన్ నాకు తెలియదా? ఏదో తేడా కొట్టింది. దిగి, ముందు కార్బురేటర్ మీద చెయ్యి పెట్టాను. లాగింది. వెనకదాని మీద పెట్టాను.

ఊపిరి లేదు.

విప్పి చూస్తే కింద రేకు. శుభ్రంగా కత్తిరించి, మూల మూలకీ మాస్టిక్ జిగురు పూసి మరీ మూశారు. పైన పెట్రోలు పైపూ, కడ్డీలూ అన్నీ ఉన్నాయి, తొక్కితే కార్బురేటర్ నోట్లో రెక్కలు కూడా కదులుతాయి. అంత చక్కని మోసం. ఆ రేకు పట్టుకుని మా ఫోర్‌మాన్ దగ్గరికి వెళ్ళాను. అతనిది హైదరాబాద్ పాతబస్తీ, నాకంటే చిన్నవాడు, నన్ను కాకా అంటాడు.

"ఏందిరా ఇది? నేను లేనిది జూసి గీ పని జేస్తవా?"

"కాకా, గరం గాకు. హాజీయే జెయ్యమన్నడు."

"ఎవనికి జెప్తున్నవ్? రెండూ నడ్వాలె, రెండూ నడ్వాలె అని నా పాణం దిన్న మనిషి, ఒకటి ముయ్యమంటడా? నీకు ట్యూన్ జెయ్యరాక మూసినవ్. గిప్పుడు ఆయన మీద బెడ్తున్నవ్."

"అల్లా కసం కాకా, ఆయననే అడుగు. కస్టమర్ ఖుష్, గ్యారేజ్ మాలిక్ కఫీల్ ఖుష్. నీకేం నొప్పి?"

"ఎన్కకున్న సిలిండర్లకు పెట్రోలు సరిగ అందుతలేదు. పెద్ద రోడ్డు మీద ఒక్కపారి గట్టిగ దొక్కితే పిస్టన్లు కాల్తయ్. గదీ నొప్పి!"

అరుపులకి వీధిలోవాళ్ళు తొంగి చూశారు. చూడనీ అనుకున్నాను. అప్పుడే హాజీ తిరిగొచ్చాడు. నా చేతిలో రేకు చూశాడు, ఫోర్‌మాన్ మొహం చూశాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అతన్నేమీ అనకు. నేనే చెప్పాను," అన్నాడు.

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నేను ఊళ్ళో ఉండగా ఒకరోజు రౌండబౌట్ దగ్గర ఆగాడట. ఎడమ కాలు బ్రేకు మీద, కుడికాలు పెట్రోలు మీద, నేను నేర్పినట్టే. ఉన్నట్టుండి ఎడమ మోకాలు పట్టు వదిలేసింది. కారు ముందుకి దూకింది. ఎదురుగా సైకిల్ మీద పనికి పోతున్న మనిషి ఒకడు. తగల్లేదు. వెంట్రుకవాసిలో తప్పిపోయింది. అతను సైకిల్‌తో సహా పక్కకి పడ్డాడు.

"మీ దేశం మనిషి సదీక్. నేను దిగేలోపే లేచాడు. తప్పు నాది. సారీ అతను చెప్పాడు."

ఆ మాటకి నాకు ఇంకో మంట లేచింది. అతను ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. ఇక్కడ మావాళ్ళు పడ్డా సారీ, లేచినా సారీ. ఆ సంగతి హాజీతో అన్నాను కూడా. ఆయన తల దించుకున్నాడు. సల్మానియా ఆసుపత్రిలో మోకాలు చూపించుకున్నానని, ఇక బాగుపడదన్నారని చెప్పాడు. కారు ఇంకొక్కసారి దూకినా, నడిరోడ్డు మీద ఆగిపోయినా తాళం చెవి ఇచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చాడట. అందుకే వెనకది మూయించాడు, ఇక సిగ్నల్ దగ్గర కుడికాలొక్కటీ బ్రేకు మీద ఉంటే చాలు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"చెప్తే ఏం చేసేవాడివి?"

"మొత్తం దింపేసి పొట్టి దిమ్మె పెట్టేవాణ్ణి. ఒక కార్బురేటర్. ఎవరికీ ప్రమాదం ఉండదు, అబద్ధమూ ఉండదు."

"అందుకే చెప్పలేదు," అన్నాడు. "దాన్ని దింపితే నన్ను దింపినట్టే. శుక్రవారం అక్కడ నిలబడే ప్రతివాడికీ నా మోకాలి సంగతి తెలిసిపోతుంది. నడవలేని ముసలాడికి చెప్పినట్టు జాలిగా సలాం చెప్తారు. నాకది వద్దు."

ఏం మనిషి! కట్టుడు పళ్ళని వెక్కిరించినవాడు తనే కట్టించుకున్నాడు, పైగా నా వెనక. ప్రమాదం అర్థమైంది, మోకాలు అర్థమైంది, కానీ నన్ను కాదని ఇంకొకడి చేత చేయించుకోవడం నాకు మింగుడు పడలేదు. రేకు ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళి టీ తాగాను. టీ చేదుగా ఉంది. మా వీధి టీ ఎప్పుడూ చేదే.

తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. రేకుని తోబు అంచుతో తుడుస్తున్నాడు.

దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని, నేనే మళ్ళీ బిగించాను. మోసం చెయ్యాలన్నా పద్ధతిగా చెయ్యాలి. ముందు కార్బురేటర్‌లో పెట్రోలు పారే జెట్లు పెద్దవి వేశాను. ముందు సిలిండర్లు కాస్త ఎక్కువ తాగుతాయి, వెనకవి మాత్రం పస్తు ఉండవు. స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూశాను, మళ్ళీ నడిపాను, మళ్ళీ విప్పాను. పని చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను, ఫోర్‌మాన్‌ని కొంత, హాజీని కొంత, ఈ సరుకుని కనిపెట్టినవాణ్ణి మిగతాది. పెద్ద రోడ్డు ఎక్కనని, గట్టిగా తొక్కనని ఒట్టు వేయించుకున్నాను.

ఆ శుక్రవారం అమ్వాజ్ వెళ్ళాం. కారు ఎక్కడా దూకలేదు, ఎక్కడా చావలేదు. పార్కింగులో బానెట్ చుట్టూ జనం మూగారు. ఎవరో కొత్త యువకుడు, ఖరీదైన కళ్ళజోడు, ముందుకొచ్చాడు. "దీని మీద చెయ్యి పెట్టి చూడాలంటగా," అన్నాడు. ఆ ఆచారం పెట్టింది నేనే, ఎవరిని అనను? ముందుదాని మీద పెట్టాడు. లాగింది. ఎగిరి నవ్వాడు. "మరి రెండోది? అది ఉత్తదేనా?" అంటూ చెయ్యి వెనకదాని వైపు చాపాడు.

నేను హాజీ వైపు చూశాను. ఆయన గడ్డం నిమరడం లేదు. కారు తలుపు పట్టుకుని, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడ్డాడు. చూపు నేల మీద ఉంది.

ఆ యువకుడి మణికట్టు పట్టుకుని అవతలికి తోశాను. "ఉత్తదా? దీని సంగతి నీకేం తెలుసు? మంట ఊదితే చెయ్యి పోతుంది, ఇటు చూడు!" అని నా మణికట్టు చూపించాను. జనం నవ్వు ఆపారు. నవ్వు ఆగితే అనుమానం మొదలవుతుందని నాకు తెలుసు. అందుకని నా అరచెయ్యి తీసుకెళ్ళి వెనక కార్బురేటర్ నోటి మీద బోర్లించాను. కింద రేకు. బావి మూత మీద చెయ్యి పెట్టినట్టుంది. పళ్ళు బిగించి, భుజం వంచి, అది నన్ను పట్టి లాగుతున్నట్టు పెనుగులాడి, చెయ్యి ఊడబెరుక్కుని గాల్లో విదిలించాను.

"చూశావా!" అని అరిచాను.

అందరూ పకపకా నవ్వారు. ఆ యువకుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు హాజీయే నడిపాడు. మొదటి ఎర్ర లైటు దగ్గర కారు బుద్ధిగా నిలబడింది. ఆయన నా కుడిచేతి వైపు చూశాడు.

"గట్టిగా లాగిందా, సదీక్?"

"నీ పుణ్యమా అని లాగింది," అన్నాను. "పచ్చ లైటు పడింది, రోడ్డు చూసి నడుపు."