నిమ్మకాయతో బందరు ప్రయాణం

రేపు పొద్దున్నే ఏలూరు నుంచి బందరు వెళ్ళాలి. పాప బట్టలు, తువ్వాళ్ళు, పాలిథిన్ సంచులు, కాచి చల్లార్చిన నీళ్ళు, జ్వరం మందు అన్నీ సర్ది, ఏదో మరిచిపోయానన్న అనుమానంతో మళ్ళీ తీసి సర్దుతుంటే, కిందటి ప్రయాణంలో పెట్టిన నిమ్మకాయ ఒకటి సంచి అడుగు నుంచి దొర్లింది. ఎండి రాయిలా అయింది. గోటితో గీకితే వాసన మాత్రం వచ్చింది. దానితోపాటు మా నాన్నగారి పాత వ్యానూ వచ్చేసింది.

అప్పట్లో మాది తాడేపల్లిగూడెం. ఏటా క్రిస్మస్ కాగానే బందరులో మేనత్తగారింటికి ప్రయాణం. పండక్కి చేసిన గులాబీ పువ్వులు, కజ్జికాయల డబ్బా, ఇంకా వేడి తగ్గని పులిహోర, కిటికీ పక్కన నాన్నమ్మ, ఆవిడ ఒడిలో తమ్ముడి కాళ్ళు. ఎక్కామంటే బందరులోనే దిగాలన్నది నాన్నగారి శాసనం. దారిలో ఏది చూస్తామన్నా, "ఎక్కడికి పోతాయిరా అవి? వచ్చే ఏడు చూద్దాం" అనేవారు.

ఆ శాసనాన్ని ధిక్కరించగలిగింది ఒక్కటే: నా కడుపు. పిప్పర దాటగానే తిప్పడం మొదలయ్యేది. నేను గట్టు మీద వంగి ఉంటే, మావాళ్ళు కోతలైన చేలల్లో గింజలేరుకునే బాతుల మందను చూసేవాళ్ళు. ఆకివీడులో చేపల లారీల నుంచి కారే ఐసునీళ్ళ వాసనకి తప్పకుండా మళ్ళీ ఆగాల్సిందే. మేం చూసిన లోకమంతా అలా నా పుణ్యమే.

తమ్ముడికి మాత్రం ఒకటే కోరిక, కొల్లేటి గూడబాతులు. ముక్కు కింద సంచిలో చేపను ఎలా పడతాయో చూడాలని. అవి ఉండే ఆటపాక దాకా నా కడుపు ఎప్పుడూ సాయం చేసేది కాదు. ఒక ఏడైతే, ఆకివీడులో చేపలు సర్దే ఆవిడెవరో "పట్టుకోమ్మా, తిప్పడం తగ్గుద్ది" అని అరచేతిలో ఐసుముక్క పెట్టగానే శుభ్రంగా తేరుకున్నాను.

"అక్కా, రావట్లేదా?" అన్నాడు తమ్ముడు, ఏడుపుమొహంతో.

"లేదురా, బాగానే ఉంది."

"ఒక్కసారి ఆ లారీ వాసన తలుచుకోవే!"

"పోనీ ఇంకాస్త పులిహోర పెట్టవే దానికి" అంది నాన్నమ్మ. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాన్నగారు మాత్రం అద్దంలో నన్నొకసారి చూసి, గేరు మార్చారు.

ఆటపాక దగ్గర వ్యాను నెమ్మదించి ఆగింది.

"ఏవండీ, ఆపారేం?" అంది అమ్మ.

"పిల్లకి వచ్చేలా ఉంది" అన్నారు నాన్నగారు, రోడ్డు కేసే చూస్తూ.

నా నోట్లో కజ్జికాయ ఉంది.

నీళ్ళలో నిలబడ్డ చెట్ల నిండా బూడిదరంగు గూడబాతులు. ఒకటి మూతి ముంచి లేపేసరికి సంచిలో చేప గిలగిలా కొట్టుకోవడం కనబడి, తమ్ముడు కేక వేశాడు. అన్నిటికీ తొందరపెట్టే నాన్నగారిని, చివరికి మేమే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావలసి వచ్చింది.

ఇప్పుడా వ్యాను లేదు, నాన్నమ్మ లేదు. బాతులు మేసిన చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. ఎక్కడికి పోతాయన్నవే ఒక్కొక్కటీ పోయాయి. వాంతులవుతాయన్న భయంకొద్దీ నేను వేసే మాత్రకి పాప ఏలూరులో పడుకుని బందరులో లేస్తుంది. ఇన్నిసార్లు కొల్లేరు దాటి ఒక్క పిట్టనూ చూడలేదు.

మాత్రలు తీసి బీరువాలో పెట్టేశాను. సంచిలో కొత్త నిమ్మకాయలు వేశాను. మా ఆయనా ఎక్కితే దిగని మనిషే. పాపకి వస్తే సరే, రాకపోయినా ఆటపాక దగ్గర ఏం చెప్పాలో నాకు తెలుసు.