గోడ మీది నీళ్ళదొంగ

వాడి మొహాన్ని రాళ్ళతో చేసి గోడకెక్కించే అవకాశం నాకు దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. దొరికింది. వదులుతానా?

వాడంటే ఈ అరబ్బు దేశంలో మా ఫోర్‌మాన్. మన తెలంగాణవాడే, నాకు అదే మరీ మంట. ఒక ఎండాకాలం మా క్యాంపుకు రావాల్సిన మంచినీళ్ళ ట్యాంకర్ని తన బామ్మర్ది కార్లు కడిగే షెడ్డుకు మళ్ళించాడు. మాకు మిగిలినవి ఉప్పునీళ్ళు. అడిగితే, "ఉప్పునీళ్ళు తాగితే ఎవడు సావడు. యల్లా, డ్యూటీకి నడువుండ్రి" అన్నాడు. నా పక్క మంచం మీద మా మండలంవాడే ఒకడుండేవాడు, నాకు తమ్ముడి లెక్క. ఆ నీళ్ళే తాగి, ఆ ఎండలోనే పనిచేశాడు. చావలేదు, నిజమే. కిడ్నీలు పాడై ఇంటికి పోయాడు. తమ్ముణ్ణి విమానం ఎక్కించి వస్తూ ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఫోర్‌మాన్‌గాణ్ణి ఊరికే వదిలేది లేదని.

చలికాలంలో మా కంపెనీకి కర్జకాన్‌లో పని తగిలింది. ఒకప్పుడు ఆ ఊళ్ళో భూమిలోంచి తియ్యటి నీళ్ళు ఉబికేవట. కాలువల్లోపడి ఖర్జూర తోటలకు పారేవట. ఇప్పుడక్కడ చుక్క లేదు. ఆ ఊట ఎలా ఉండేదో తమ పిల్లలకు తెలియాలని ఊరివాళ్ళే చందాలు వేసుకుని, అదే చోట పొడుగాటి గోడ కట్టించి, దాని మీద రంగురాళ్ళ బొమ్మ వేయించుకున్నారు. బొమ్మ గీసింది ఆ ఊరి డ్రాయింగ్ టీచరమ్మ. రాళ్ళు పేర్చింది నేను.

ఊరి పెద్దాయన ఒకరు రోజూ సాయంత్రం ఫ్లాస్కులో చాయ్ తెచ్చి, వచ్చీరాని హిందీలో పాత సంగతులు చెప్పేవాడు. కాలువ నీళ్ళు ఇంటికింత అని వంతులట. ఒకడు మాత్రం పక్కవాడి వంతప్పుడు కాలువలో మట్టీ, ఖర్జూరపు పీచూ కుక్కి, నీళ్ళను తన తోటకు తిప్పుకునేవాడట. వాడు కూడా గోడ మీద ఉండి తీరాలని ఆయన పట్టు. కానీ టీచరమ్మ ఆ మొహాన్ని ఖాళీగా వదిలేసింది. ఆ దొంగ మనవలు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు, పెళ్ళికీ చావుకూ అందరూ కలిసే ఉంటారు.

"మా ఊళ్ళో ఎవరి పోలికా రావద్దు భాయ్. బయటివాడి మొహం పెట్టెయ్, ఖలాస్" అన్నాడు పెద్దాయన.

బయటివాడా! నా నెత్తిన పాలు పోశాడు మహానుభావుడు.

ఫోర్‌మాన్‌గాడి బొర్రముక్కు, మిడిగుడ్లు, దుబ్బు మీసం, ఎడమ చెంప మీద శనగగింజంత పుట్టుమచ్చ, అన్నీ పళ్ళు కొరుకుతూ పేర్చాను. ఆ మచ్చకు నల్లరాయి ఏరి మరీ పెట్టాను. తీరా గోడకు వేసి కాగితం ఊడదీస్తే మచ్చ కుడి చెంప మీద తేలింది! మా పనిలో రాళ్ళను కాగితం మీద బోర్లా అంటించి, దాన్ని తిప్పి గోడకు వేస్తాం. కుడిది ఎడమవుతుంది, ఎడమది కుడి అవుతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని, కోపంలో అదే మరిచాను. మా రూమువాళ్ళు చూసి, "జర వాని లెక్కనే ఉన్నడు గని, వాడైతే గాదు" అని తేల్చేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గోడ ప్రారంభోత్సవం రోజు, అన్నాళ్ళూ అటు తొంగైనా చూడని ఫోర్‌మాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నవ్వుకుంటూ గోడ వెంట నడిచినవాడు అక్కడికి రాగానే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు వెలిగింది నాకు. అది వాడు రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకునే మొహం! మేమెవ్వరం పోల్చుకోకపోయినా వాడు పోల్చుకున్నాడు.

"ఎవడ్రా గీడు?"

"నీళ్ళదొంగ, సార్."

"పలగ్గొట్టు."

"గోడ నాది గాదు సార్, ఊరోళ్ళది. ఎందుకు పలగ్గొట్టాల్నో మీరే చెప్పుండ్రి వాళ్ళకు."

ఏం చెబుతాడు? ఇది నా మొహం అంటాడా? పక్కనే పెద్దాయన పిల్లలను చుట్టూ నిలబెట్టుకుని, కర్రతో ఆ బొమ్మను పొడుస్తూ దొంగ కథ చెబుతున్నాడు. ఫోర్‌మాన్ తలవంచుకుని పోయి కారెక్కాడు. నా కడుపు చల్లబడింది. జాలా? ఇసుమంత కూడా లేదు.

అక్కడి నుంచే తమ్ముడికి వీడియో కాల్ చేశాను. మనిషి మొహమంతా ఉబ్బిపోయి ఉంది. "సూడు తమ్మీ, ఎవడున్నడో సూడు" అని ఫోను గోడకు తిప్పాను.

చాలాసేపు చూశాడు. "మచ్చ దిక్కు మారినా వాడే. మంచిగ చేసినవన్నా" అన్నాడు. కళ్ళు ఫోనుకు దగ్గరగా పెట్టి, "గా ఊట కాడ నీళ్ళు తాగెటోళ్ళు గంతమంది ఉన్నరు గదా. అండ్ల నన్నెందుకు పెట్టలేదే?" అని అడిగాడు.

ఊట చుట్టూ దోసిలి పట్టి తాగుతున్న వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే చూస్తూ పోయాను. అన్నీ నేను పేర్చినవే. ఒక్కటీ తమ్ముడిది కాదు. సిమెంటు ఎప్పుడో గట్టిపడిపోయింది.